దుంగ మీద కుక్క, గుంతలో కుక్క

పలుకుబడి ఉన్నవాణ్ణి ఇంగ్లీషువాళ్ళు 'టాప్ డాగ్' అంటారు. అంటే పైకుక్క. ఆ మాట రంపపు గుంత దగ్గర పుట్టిందని కొందరు చెబుతారు. అలాంటి గుంత కథే ఇది, పిల్లలూ.

అనగనగా ఒక అడవిలో, వానలు పడేలోగా వాగు మీద వంతెన కట్టాల్సి వచ్చింది. కట్టకపోతే పల్లంలో ఉన్న పసికూనలు వరదలో పోతాయి. పోయినేడు నాలుగు పోయాయి.

పలకలు కోసే పని ఎర్రడు, మచ్చడు అనే రెండు కుక్కలది. లోతుగా గుంత తవ్వి, కోయాల్సిన చోట పైనా కిందా గీత గీసిన దుంగను దాని మీద పెట్టారు. ఒకడు దుంగ మీద నిలబడి రంపాన్ని పైకి లాగాలి. ఒకడు గుంతలో నిలబడి కిందికి లాగాలి. రంపపు పొట్టంతా కిందవాడి కళ్ళల్లోనే పడుతుంది. అందుకే పూటపూటకీ చోట్లు మారాలని కట్టుబాటు.

ముందు ఎర్రడు పైకెక్కాడు. దారినపోయే జంతువులన్నీ అతనికే దండం పెట్టాయి. గుంతలోవాడు ఎవరికి కనబడతాడు? మధ్యాహ్నం మచ్చడు వంతు అడిగితే, ఎర్రడు రేపు చూద్దామన్నాడు. మర్నాడు అడిగితే, పైన నిలబడాలంటే తెలివుండాలన్నాడు. మూడోనాడు మచ్చడు వంతు సంగతి ఎత్తలేదు.

"అన్నా, కింద గీత తప్పింది. రంపం పక్కకి పోతోంది, ఆగు," అన్నాడు.

"పైన బాగానే ఉంది. గుంతలో ఉన్నోడికి గీతలెందుకురా? లాగు," అన్నాడు ఎర్రడు.

మచ్చడు లాగాడు. పలక ఒక అంచున మందంగా, ఇంకో అంచున రేకులా వచ్చింది. ముసలి ఎలుగు అవ్వ కాలు పెట్టగానే విరిగింది. ఇక మిగిలింది ఒక్క దుంగ.

మచ్చడు పైకొచ్చి కళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. ఎర్రడు ఒక్కడే లాగి చూశాడు. రంపం పైకి వచ్చింది గానీ దుంగ తెగలేదు. కోత పడేది కిందవాడు లాగినప్పుడే.

ఆకాశం నల్లబడింది.

"గుంతలోకి దిగుతావా? లేక ఆ కూనల తల్లులకు నువ్వే సమాధానం చెబుతావా?" అని అవ్వ అడిగింది.

ఎర్రడు దిగాడు. కాసేపటికే కళ్ళు మండి నీళ్ళు కారాయి. ఇంకాసేపటికి గుంతలోంచి మాట వినబడింది.

"తమ్ముడూ, ఇక్కడ గీత తప్పుతోంది."

మచ్చడు ఆ క్షణమే రంపం ఆపాడు. సరిచేసుకుని కోశారు. వరద వచ్చేసరికి కూనలన్నీ అవతలి గట్టున ఉన్నాయి.

నీతి: కిందవాడి మాట విననివాడికి పైన నిలబడే హక్కు లేదు.