కొట్టేసిన వాక్యం

సూటిగా జవాబు చెప్పడం పరాంకుశం మాస్టారికి ఇంటా వంటా లేదు. చీమల మీద పుస్తకం రాసినాయన, ఉప్పు మీద రాసినాయన, వాన ఎక్కణ్ణుంచి వస్తుందో రైలింజను ఎలా నడుస్తుందో పిల్లలకు అరటిపండు ఒలిచినట్టు చెప్పినాయన, తీరా ఎదురుగా కూర్చుని ఎవరైనా ఒక ప్రశ్న వేస్తే కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటూ ఉండిపోతారు. ఇవికాక కథల పుస్తకాలు మరో ముప్ఫై దాకా రాశారు. వాటిలో గొడుగంటే భయపడే కప్ప ఉంది, మందనుంచి తప్పిపోయిన గున్న ఏనుగు ఉంది, కుట్టుపని నేర్చుకోబోయి తన తోకే కుట్టేసుకున్న కోతి ఉంది. పిల్లలకు రాయడం నేర్చుకుందామని విజయనగరంలో ఆయన అరుగెక్కినవాళ్లు ఒకప్పుడు ఏడెనిమిది మంది. పోగా పోగా మిగిలింది ఇందుమతి ఒక్కతే. మిగతావాళ్లను ఆయన ఏమీ అనలేదు. ఆయన ఎర్రపెన్సిలే తరిమేసింది.

రాసింది అచ్చుకు పోయేముందు ఆయన పెట్టే పరీక్ష ఒకటుంది. పిల్లల్ని కూర్చోబెట్టి మొత్తం బయటికి చదవాలి. ఏ వాక్యం దగ్గర పిల్లల చూపు పక్కకు పోయిందో ఆ వాక్యం పక్కన చుక్క పెట్టాలి. చుక్క పడ్డ వాక్యం ఎంత ముచ్చటైనదైనా పోవలసిందే, దానికి అప్పీలు లేదు. పెద్దవాళ్లు మొహమాటానికైనా వింటారు గానీ పిల్లలకు ఆ జబ్బు లేదంటారు ఆయన.

ఇందుమతి పక్క ఊళ్లో బడిపంతులమ్మ. ఆరేళ్లు రాసి, చింపి, మళ్లీ రాసి, ఇన్నాళ్లకు ఒక పుస్తకం పూర్తిచేసింది. పేరు 'ఒంట్లో కోట'. నెత్తురులో తెల్లకణాలు రోగాలతో ఎలా పోరాడతాయో పదేళ్ల పిల్లలకు చెప్పే పుస్తకం. ప్రచురణకర్త ఒప్పుకున్నాడు, బొమ్మలు సిద్ధమయ్యాయి, సోమవారం అచ్చుకు పోవాలి. మాస్టారు ముందుమాట రాయడమే తరువాయి. ఆయన ముందుమాట రాయలేదు సరికదా, చివరి పేజీలో చివరి వాక్యాన్ని ఎర్రపెన్సిలుతో కొట్టేసి పంపారు. ఆమె దాన్ని మళ్లీ రాసి పంపింది. ఆయన మళ్లీ కొట్టేశారు.

ఆ వాక్యం ఇది: 'మీరు ధైర్యంగా ఉంటే చాలు, మీ సైన్యం ఎప్పుడూ ఓడిపోదు.'

పుస్తకమంతటిలోనూ ఇందుమతికి ప్రాణం ఆ వాక్యమే. ఇంక ఉండబట్టలేక శనివారం మధ్యాహ్నం బడి వదలగానే బస్సెక్కి వచ్చి ఆయన ముందు కూర్చుంది.

"మీరు చెప్పినట్టే నా క్లాసులో నలభైమందికీ చదివాను మాస్టారూ. దీని దగ్గర ఒక్కరి చూపు కూడా పక్కకు పోలేదు. పైగా చప్పట్లు కొట్టారు. మీ లెక్క ప్రకారం ఇది ఉండాలి కదా?" అంది. ఆయన కళ్లజోడు తీసి తుడవడం మొదలెట్టారు. ఆమెకు కోపం వచ్చింది. గురువుగారి మీద కోపం రావడం కొత్త. "మీ కథల్లో తప్పిపోయిన ప్రతి పిల్లా ఇల్లు చేరుతుంది. లోకంలో అందరూ చేరుతున్నారా? కథలో అంత ఊరట ఇచ్చినవారు, సైన్సు పుస్తకంలో నేను ఒక్క ముక్క ఇస్తే ఎందుకు ఒప్పుకోరు?"

మాస్టారు కళ్లజోడు తుడిచి పెట్టుకున్నారు. లోపలికి వెళ్లి ఇంకా అచ్చువాసన పోని పుస్తకం ఒకటి తెచ్చారు. గబ్బిలాల మీద ఆయన కొత్తగా రాసింది.

"దీని మొదటి కాపీ ఒకచోట ఇచ్చిరావాలి. నాతో రా," అన్నారు.

మాస్టారు ఏ పుస్తకం వేసినా మొదటి కాపీ ఎవరికో ఇస్తారని ఇందుమతికి తెలుసు. సొంత కూతురికి కూడా రెండోదే. ఆ మొదటిది ఏ పెద్దమనిషికో, ఏ అధికారికో అయ్యుంటుందని శిష్యులంతా అనుకునేవారు. ఆయన మాత్రం రైల్వేగేటు దాటించి, ఒక ఇరుకు వీధిలోకి తీసుకుపోయి, రేకుల వసారాలో జాకెట్లు కుట్టుకుంటున్న ఒకామె ముందు ఆగారు. ఆమె పేరు నాగరత్నం. యాభై అయిదేళ్లుంటాయి. మాస్టారిని చూడగానే మిషను ఆపి లేచింది.

"వొచ్చినారా మేస్టారూ! కూకోండి. ఈపాలి ఏటి పుస్తకం?"

"గబ్బిలాలు."

"అమ్మో, అవి మొకమ్మీద పడి పీక్కుంటాయంటారు!"

"అలా ఏం చెయ్యవు. ఆరో పేజీలో ఉంది, చదువు," అన్నారాయన.

నాగరత్నం నవ్వుతూ పుస్తకం తీసుకుని గోడ దగ్గర చెక్క బీరువా తెరిచింది. ఇందుమతి ఆశ్చర్యపోయింది. మాస్టారి పుస్తకాలన్నీ అక్కడున్నాయి, కథలూ సైన్సూ అని వేరు చెయ్యకుండా, వచ్చినవి వచ్చినట్టు వరసలో. జాకెట్టు గుడ్డల్లో మిగిలిన ముక్కలతో ప్రతి పుస్తకానికీ అట్ట కుట్టి ఉంది. చీమలకు నల్లది, ఉప్పుకు తెల్లది, కప్పకు ఆకుపచ్చది. ఊరి గ్రంథాలయంలో కూడా ఆ పుస్తకాలకు ఇంత మర్యాద జరగడం ఆమె చూడలేదు. నాగరత్నం చేతిలో పుస్తకాన్ని తిప్పి చూసి, దీనికి కాఫీపొడి రంగు గుడ్డ వెయ్యాలని పైకే అనుకుంది.

"ఈ అమ్మాయెవులు మేస్టారూ?"

"నా దగ్గర నేర్చుకుంటోంది. పిల్లలకి పుస్తకాలు రాస్తుంది."

"మీరూ రాస్తారామ్మా!" అని నాగరత్నం ఇందుమతిని ఎగాదిగా చూసింది. "మా పైడి ఉంటే మీ యీడుదే అయ్యుండును." అని, బీరువాలో మొట్టమొదట ఉన్న పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టింది. దానికి పసుప్పచ్చ పూల గుడ్డ అట్ట. చిన్నపిల్ల గౌను గుడ్డ అది. "దీన్నించే మొదలు ఇయన్నీ."

అది మాస్టారు రాసిన 'నెత్తురు సంగతులు'. చిన్నప్పుడు ఇందుమతి బళ్లో పదిసార్లు చదివిన పుస్తకమే. అసలు తను ఒంట్లో కోట కట్టడానికి పునాది అదే. ఆప్యాయంగా పేజీలు తిప్పుతూ చివరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. చివరి వాక్యం కింద, తడబడే చేత్తో ఎవరో పెన్సిలు గీత గీశారు. 'ధైర్యంగా ఉండే పిల్లల ఒంట్లో సిపాయిలు ఎప్పుడూ గెలుస్తారు.'

ఇంచుమించు తన వాక్యమే. తను చదివిన పుస్తకంలో ఇది ఉన్నట్టు ఆమెకు గుర్తులేదు. మరిచిపోయానేమో అనుకుంది.

"నెత్తురు కేన్సరన్నారమ్మా," అంది నాగరత్నం, మిషను ముందు మళ్లీ కూర్చుంటూ. ఎన్నోసార్లు చెప్పుకున్న మాటలు కాబట్టి ఆమె గొంతు నిలకడగానే ఉంది. "దానికి తొమ్మిదేళ్లు. విశాఖపట్నం ఆసుపత్రిలో ఏడునెల్లున్నాం. అప్పుడు ఈ మేస్టారు పిల్లల వార్డుకి పుస్తకాలట్టుకొచ్చి పంచినారు. దీన్ని దాని సేతిలో ఎట్టినారు. అంతకుముందు సూది సూస్తే వార్డంతా ఎగిరిపోయేలాగ అరిసీది. ఈ పుస్తకం సదివినాక మరి కిక్కురుమననేదు. ఇంత దైర్నమున్న గుంటని మేం సూణ్ణేదని నర్సమ్మలే అనీవోరు. పెదాలు బిగబట్టి అలగ పైకప్పుకేసి సూసీది. సెయ్యట్టుకుందారంటే నన్ను రానిచ్చీది కాదు. 'నన్నొగ్గీ అమ్మా, నానేడిస్తే నా సిపాయిలకి దైర్నం పోద్ది' అనీది."

మాస్టారు నేలమీద పడి ఉన్న దారం ముక్కల్ని చూస్తున్నారు.

"మరి అసలు ఏడవలేదా?" అని ఇందుమతి అడిగింది. ఎందుకడిగానా అని వెంటనే బాధపడింది.

"ఏడిసీది. దానికి వేరే పుస్తకం ఉండీది." నాగరత్నం లేచి వరసలో రెండోదాన్ని తీసి చూపించింది. గున్న ఏనుగు కథ. "ఇది సదివితే మాత్రం ఎక్కెక్కి ఏడిసీది. ఏటే తల్లీ అంటే, 'నాకోసం కాదమ్మా, ఏనుక్కోసం' అనీది. ఆకర్న అది తల్లి దగ్గరికి ఎల్లిపోద్ది కదే అన్నా ఇనీది కాదు. కల్లు తుడుసుకుని మల్లీ మొదట్నించీ సదివీది. అప్పుడు నాకు అచ్చరం ముక్క రాదు. అది సదివితే ఇనీదాన్ని. అది పోయినాకే నేర్సుకున్నాను, ఇవన్నీ సదవాలని."

ఆమె రెండు పుస్తకాలనూ మళ్లీ పక్కపక్కనే పెట్టింది. కాసేపు తడిమి సర్ది, బీరువా తలుపు మూయకుండానే ఇటు తిరిగింది.

"సివరి దినాల్లో ఒక మాట అడిగిందమ్మా. 'నానేడవనేదు కదమ్మా, మరెందుకు ఓడిపోతన్నాం?' అని. నా దగ్గిర మాట నేదు. మేస్టారిని ఇరవయ్యేళ్ల బట్టీ అడుగుతున్నాను, ఈయన తలొంచుకుంటారే గానీ సెప్పరు. మీరూ రాసీవోలే కదా. నానేటి సెప్పాలమ్మా దానికి?"

రోజూ నలభైమంది పిల్లలకు జవాబులు చెప్పే ఇందుమతి సాయం కోసం మాస్టారి వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. తన క్లాసులో చప్పట్లు కొట్టిన నలభైమందీ గుర్తొచ్చారు. వాళ్లంతా ఆరోగ్యంగా ఉన్న పిల్లలు. ఆ చప్పట్లు చూసుకుని మురిసిపోయినందుకు ఆమెకు చెప్పలేనంత సిగ్గేసింది. ఏదో ఒకటి అనకపోతే ఆ తల్లి ఎదుట నిలబడలేననిపించింది.

"మీ పాప తప్పేం లేదమ్మా," అంది చివరికి. "ధైర్యానికీ ఆ జబ్బుకీ సంబంధం లేదు."

"అది నాకు తెలుసమ్మా," అంది నాగరత్నం మెల్లగా. "ఇన్ని పుస్తకాలు సదివినాను, నాకు తెల్దా? దానికి తెల్దు."

ఇందుమతికి కళ్లనీళ్లు ఆగలేదు. ఓదార్చవలసిన మనిషి ఎవరో, ఓదారుస్తున్న మనిషి ఎవరో తెలియకుండా, నాగరత్నమే లోపలికి వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఆమె చేతికిచ్చింది. పైడి సూది నొప్పికి ఇలా ఏడ్చి ఉంటే తనకు ఎంతో బాగుండేదనీ, ఒక్కసారైనా ఒళ్లో పెట్టుకుని ఊరుకోబెట్టేదాన్ననీ అంది. తర్వాత మాస్టారికి టీ పెట్టింది. ఆయన తాగారు. గబ్బిలాలు తలకిందులుగా ఎందుకు వేలాడతాయో ఆమె అడిగితే, నాలుగు మాటల్లో చెప్పారు. ఆ ఇంట్లో ఆయన జవాబు చెప్పగలిగిన ప్రశ్నలు అలాంటివే కాబోలు.

తిరిగివచ్చేటప్పుడు రైల్వేగేటు వేసి ఉంది. ఇద్దరూ సైకిళ్ల మధ్య నిలబడ్డారు. గూడ్సు బండి రావడానికి ఇంకా వ్యవధి ఉన్నట్టుంది. ఇందుమతి సంచిలోంచి ఫోను తీసింది.

"ఆ వాక్యం తీసేస్తాను మాస్టారూ. ఇప్పుడే ప్రెస్సుకి ఫోన్ చేసి చెప్తాను. అక్కడ ఇంకేమీ రాయను."

మాస్టారు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. ఇక మాట్లాడరనే అనుకుంది ఆమె.

"తీసెయ్యి," అన్నారు. "తీసెయ్యడం పెద్ద పనేం కాదమ్మా. నా పుస్తకంలోది నేను రెండో ముద్రణకే తీసేశాను. పైడి చదివింది మొదటిది."