తోడేళ్ల బీడులో సన్మానం

శనగ కోత అయిపోయింది. దొడ్లో జంతువులకు తినడం, పడుకోవడం, ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోవడం తప్ప పని లేదు. సరిగ్గా అలాంటి రోజుల్లోనే ఓబులేసు అనే నక్క దొడ్డి గోడెక్కి కూర్చున్నాడు.

“మీలో ఎవరైనా తోడేలును చూశారా?” అని అడిగాడు.

“చూసినవాళ్లు వచ్చి చెప్పలేదు,” అంది సుంకులమ్మ. సుంకులమ్మ మేక. ఆమెకు ఒక్కతే పిల్ల. ఒళ్లంతా నలుపని కాటుక అని పేరు పెట్టుకుంది.

“అదంతా పాతకాలం మాట. ఇప్పుడు క్యాంపింగు వచ్చింది. గడ్డిబీడు అంచున గుడారం వేసుకుంటాం. దూరం నుంచి చూస్తాం. వచ్చేస్తాం. గైడుగా నేనున్నాను కదా!”

“తోడేలు నన్ను చూడటానికి రావాలి గానీ, నేను పోయేదేమిటి?” అన్నాడు పొట్టేలు రంగప్ప, కొమ్ములు గోడకు రుద్దుకుంటూ.

“సభకు నమస్కారం,” అన్నాడు గాడిద వీరాసామి. ఏ మాటైనా అలాగే మొదలుపెడతాడు. “గుడారం బరువెంత? మోసేది ఎవరు?”

“ఒక్క గొంగళి, రెండు కర్రలు. మోసేది నువ్వే.”

“అనుకున్నాను,” అన్నాడు వీరాసామి.

సుంకులమ్మ రానంది. కాటుక మొండికేసింది. “అందరూ పోతుంటే మనమే ఎందుకు ఉండాలమ్మా?” అని చెవి కొరికి, పొదుగు గుద్ది, మేత మానేసింది. చివరికి తల్లి కూడా నడిచింది.

శనగచేను దాటారు. చేను చుట్టూ ముళ్లకంప, లోపల మంద, మందకు కాపలా కుక్కలు. అక్కడినుంచి బీడు మొదలు. ఒక పక్క నీళ్లు ఎండిపోయిన వంక, ఎదురుగా మట్టిదిబ్బ. మధ్యలో కర్రలు పాతి, నల్ల గొంగళి కప్పి, గుడారం అన్నారు.

ఆ సాయంత్రం చూసిందంతా సుంకులమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ముందు కృష్ణజింకలు వచ్చాయి. గాల్లోకి లేచినప్పుడు వాటికి బరువే లేదనిపించింది. తర్వాత దిబ్బ మీదికి ఒక ఆడ తోడేలు ఎక్కింది. సన్నని నడుము, పొడుగు కాళ్లు, ఎండుగడ్డి రంగు. జింకలన్నీ తలలెత్తాయి. తోడేలు వాటివైపు చూడనేలేదు. వెల్లకిలా పడుకుని దొర్లింది. కాళ్లు గాల్లో ఆడించింది. కుక్కపిల్లలా తన తోకను తానే పట్టుకోబోయింది.

“పిచ్చిదా?” అన్నాడు రంగప్ప.

“ఉష్,” అంది సుంకులమ్మ.

జింకలు కళ్లార్పకుండా దిబ్బనే చూస్తున్నాయి. వాటి వెనక గడ్డి కదిలింది. రెండు తోడేళ్లు లేచాయి. అంతే. ఒక జింక చిక్కింది, మిగతావి పారిపోయాయి.

కాటుక తల్లి పొట్ట కిందికి దూరింది. సుంకులమ్మ మాత్రం చూపు తిప్పుకోలేకపోయింది.

ఎందుకంటే ఆ తర్వాత ఆడ తోడేలు పొదల దగ్గరికి పోయింది. బొరియలోంచి పిల్లలు బిలబిలమంటూ వచ్చి తల్లి మూతి నాకాయి. తల్లి తిన్నదంతా వాటి ముందు కక్కి పెట్టింది. అక్కడే ఒక కుంటి ముసలి తోడేలు కూర్చుని ఉంది. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేది అదే. అడగలేదు, దగ్గరికి రాలేదు. వేటాడొచ్చిన తోడేలు ఒకటి దాని దగ్గరికే పోయి మాంసం ముక్క వదిలింది.

“మన తొట్టి దగ్గర ఎప్పుడైనా ఎవరైనా ముసలివాళ్లకు చోటిచ్చారా?” అంది సుంకులమ్మ మెల్లగా.

రంగప్ప దగ్గాడు. వీరాసామి నేల చూశాడు.

“నచ్చిందా?” అన్నాడు ఓబులేసు. “రేపు పొద్దున ఇంకా దగ్గర్నుంచి చూపిస్తాను. ఈరోజు వాటికి కడుపు నిండింది, పడుకుంటాయి.”

పొద్దున్నే అందర్నీ లేపాడు.

“ఇలా వరసగా కూర్చోండి. ముఖాలు దిబ్బవైపు. పక్కకు, వెనక్కి మాత్రం తిరగొద్దు. అలికిడైతే బెదిరిపోతాయి. కాటుకమ్మను చివర కూర్చోబెట్టండి, పొట్టిది కదా, అడ్డం ఉండదు.”

దిబ్బ మీద ఆడ తోడేలు వెల్లకిలా దొర్లుతోంది. కాళ్లు ఆడిస్తోంది. తోక పట్టుకోబోతోంది. కాటుక కిలకిలా నవ్వింది.

సుంకులమ్మ నవ్వలేదు.

నిన్న జింకలు కూడా ఇలాగే చూస్తూ నిలబడ్డాయి.

తల కొంచెం తిప్పింది. గాలి లేదు. వంకలో గడ్డి కదులుతోంది. పక్కకు తిరగొద్దన్నది ఇందుకే.

పరుగెత్తితే తాను దాటగలదు. కాటుక దాటలేదు. అరిస్తే అవి ఇప్పుడే లేస్తాయి. తాను పసిగట్టినట్టు తెలిస్తే నక్కే అరిచి వాటిని లేపుతాడు. సుంకులమ్మ నక్క వైపు తిరిగి తీయగా అంది:

“ఓబులేసు మామా, ఇంత భాగ్యం చూపించావు. నిన్ను ఊరికే పంపితే మా దొడ్డి పరువేం కావాలి? చిన్న సన్మానం చేసుకుంటాం.”

“ఇప్పుడా? అబ్బే, ఎందుకమ్మా అవన్నీ...” అన్నాడు ఓబులేసు. తోక మాత్రం ఊగడం మొదలైంది.

“శాలువా కప్పాలి.”

“శాలువా ఎక్కడిది?” అన్నాడు రంగప్ప.

“గొంగళి ఉందిగా. వీరాసామన్నా, నువ్వే మాట్లాడాలి.”

వీరాసామి కళ్లు మెరిశాయి. పుట్టాక అతన్ని మాట్లాడమని అడిగినవాళ్లు లేరు.

“మామా, ఆ వంక గట్టు మీద రాయి ఉంది చూడు, అక్కడ కూర్చో. తూర్పు ముఖంగా కూర్చుంటే నీ ముఖం వెలిగిపోతుంది.”

ఓబులేసు ఒక్క క్షణం ఆలోచించాడు. తోడేళ్లు రావడానికి ఇంకాస్త సమయముంది. అంతవరకు పొగిడించుకుంటే పోయేదేముంది? వెళ్లి రాయి మీద కూర్చున్నాడు. సుంకులమ్మ నల్ల గొంగళిని తల మీదినుంచి కప్పింది. ముక్కు కొస ఒక్కటే బయటికి కనిపించింది.

“ఉక్కగా ఉందమ్మా.”

“గౌరవం అలాగే ఉంటుంది మామా. తల వంచుకుని కూర్చో, కళ్లు మూసుకో. పెద్దవాళ్లు అలాగే కూర్చుంటారు.”

“సభకు నమస్కారం!” అని మొదలుపెట్టాడు వీరాసామి. “ఓబులేసుగారి గురించి చెప్పడానికి మాటలు చాలవు. అయినా చెబుతాను.”

“ఆహా!” అంది సుంకులమ్మ గట్టిగా. వెంటనే రంగప్ప చెవిలో, “అన్నా, కాటుకను తీసుకుని కంప దాటు. చప్పుడు చెయ్యొద్దు,” అంది.

“ఎందుకు? తోడేలు వస్తే నా కొమ్ములతో...”

“వచ్చింది. గట్టు కిందే ఉంది.”

రంగప్ప నోరు టక్కున మూతపడింది. కాటుకను ముందు పెట్టుకుని, మేకపిల్ల కంటే మెత్తగా అడుగులేస్తూ పోయాడు.

“ఆయన నడక చూడండి! ఆయన తోక చూడండి!” అంటున్నాడు వీరాసామి.

“ఆహా! ఓహో!” అంది సుంకులమ్మ. నలుగురు మెచ్చుకుంటున్నట్టు నాలుగు చోట్ల నుంచి అంది. గొంతు మార్చి అంది. కళ్లు మాత్రం వంక మీదే పెట్టింది. పిల్ల కంప దాటేదాకా కదలకూడదు.

“ఇంకొంచెం గట్టిగా చెప్పు వీరాసామీ, చెవులు మూసుకుపోయాయి,” అన్నాడు గొంగళి లోంచి ఓబులేసు.

కంప అవతల నల్లటి తోక ఒకటి ఎగిరింది. ఇటు గడ్డి చీలింది.

సుంకులమ్మ వీరాసామి తోక కొరికింది.

“చివరిగా రెండు మాటలు...”

“పరుగెత్తు!”

వంకలోంచి లేచిన తోడేళ్లకు గట్టు మీద నల్లగా, ఉన్నితో, తల వంచుకుని కూర్చున్నది ఒక్కటే కనిపించింది. మీదికి దూకాయి. నోళ్లనిండా గొంగళి. లోపల్నుంచి కేకలు: “నేను! నేను! గైడును!”

అవి ఉన్ని ఉమ్ముకుని నక్కను బయటికి లాగేసరికి, మేకా గాడిదా కంప దాటేశారు. కాపలా కుక్కలు వరసగా నిలబడి మొరుగుతున్నాయి.

సుంకులమ్మ ముందు కాటుకను వాసన చూసింది. తలనుంచి తోకదాకా చూసింది. మళ్లీ మొదటినుంచి చూసింది. అప్పటికి గానీ కాళ్లు మడిచి కూలబడలేదు.

దిబ్బ మీది ఆడ తోడేలు లేచి నిలబడింది. ఒళ్లు దులుపుకుంది.

“మేకమ్మా! ఈ విద్య నీకెవరు నేర్పారు?”

“నువ్వే అక్కా. నిన్న సాయంత్రం.”

తోడేలు పొదల్లోని బొరియ వైపు చూసింది. “నా పిల్లలకు కూడా త్వరగా రావాలి ఇది,” అంది.

“వస్తుంది. వాళ్ల తల్లిని చూశాను కదా,” అంది సుంకులమ్మ. ముఖస్తుతికి అనలేదు.

ఓబులేసు వీపు మీద బొచ్చు సగం ఊడిపోయింది. అయినా ఆశ పోలేదు. కుంటుకుంటూ దిబ్బ కిందికి వచ్చాడు.

“అక్కా, మనం అనుకున్నట్టు... నా వాటా?”

“నువ్వు తెస్తానన్నది నలుగురిని. దొరికింది నువ్వు ఒక్కడివి,” అంది తోడేలు. “నిన్ను పంచమంటావా?”

ఓబులేసు వాటా వదులుకుని పరుగెత్తాడు. ఏ దొడ్డి గోడా ఎక్కలేదు మళ్లీ.

అందరూ చూడమన్నవైపు చూస్తారు. బిడ్డ ఉన్నవాళ్లు మాత్రం చూడొద్దన్నవైపు కూడా ఒకసారి చూసుకోవాలి.