చుట్టం గుచ్చిన పూసలు

ఒకప్పుడు మనిషి ఒంట్లో లేచిన గడ్డల్లో పరాయివాడి పూస ఒక్కటి కూడా కనపడేది కాదు.

గడ్డలో పూసలేమిటంటారా? చెబుతాను, తొందరపడకండి.

మన ఒళ్ళంతా చిన్న చిన్న ఇళ్ళే. కంటికి ఆననంత చిన్నవి. గోడకి గోడ ఆనించుకుని వాడలు వాడలుగా ఉంటాయి. డాక్టర్లు వాటిని కణాలంటారు. ప్రతి ఇంటికీ నట్టింట ఒక దండ ఉంటుంది. రెండు పేటలు మెలేసిన దండ, నాలుగంటే నాలుగే రంగుల పూసలు. ఏ రంగు పక్కన ఏ రంగు ఉందో దాన్నిబట్టే ఇంట్లో సమస్తం నడుస్తుంది. పొయ్యి ఎప్పుడు రాజెయ్యాలి, గోడ ఎప్పుడు మెత్తాలి, వేరు కాపురం ఎప్పుడు పెట్టించాలి, ఎప్పుడు ఇక చాలనుకోవాలి, అన్నీ దండే చెబుతుంది.

ఒక ఇల్లు రెండు కాపురాలయ్యేటప్పుడు ఆ దండ మెలిక విప్పి, పేటకి పేట జోడు గుచ్చి, కొత్త ఇంటికి ఒక దండ ఇస్తారు. అమ్మ దండలో ఏది ఉంటే అదే గుచ్చాలి. ఇదెందుకు, అదెందుకు అని అడక్కూడదు. అది ఆచారం.

వర్ధనమ్మగారని ఒకావిడ ఉండేది. పొద్దున్నే దేవుడి ముందు దీపం పెట్టి హారతి పాట పాడేది. ఆవిడ పాడినప్పుడల్లా లోపల గొంతు వాడంతా ఉయ్యాల ఊగినట్టు ఊగేది. ఆ వాడలో దండలు సరిచూసే పెద్దమనిషి అచ్చాయమ్మ. ఎవరింట్లో వేరు కాపురమైనా ముందు ఆవిడ వచ్చి పూసపూసా తడిమి చూడాలి. ఎక్కడైనా తేడా వస్తే "ఆగు!" అనేది. అంతే, చేతిలో పూస చేతిలోనే ఆగిపోవాలి. బాగుపడేదైతే బాగుచేయించేది. బాగుపడనంత చెడిపోతే ఆ ఇల్లు తనంతట తానే దీపం కొండెక్కించుకునేది. వాడ కోసం అలా చెయ్యడం కూడా ఆచారమే.

"అచ్చాయమ్మకి చాదస్తం" అనేవారు చాటున. ఆవిడకి వినపడేది. విననట్టే పూసలు తడుముకుంటూ పోయేది.

ఒకనాడు అచ్చాయమ్మ మాణిక్యం ఇంటికి వెళ్ళింది. మాణిక్యం ఆవిడ అక్కకూతురు, మెత్తని మనిషి. గుమ్మంలో ఎవరిదో చొక్కా పడుంది. గట్టి బట్ట, ఒళ్ళంతా గుండీలు. లోపల చూస్తే చిటికెన వేలంత మనిషి గోడకానుకుని కూర్చుని నవ్వుతున్నాడు.

"ఎవరే ఈ అబ్బాయి?"

"బుల్లెబ్బాయి, పిన్నీ. మన చుట్టమే."

"ఏ వైపు చుట్టం?"

"అడగలేదు. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి అలా అడుగుతామా?"

"ఎన్నాళ్ళుంటాడట?"

"అయ్యో పిన్నీ! చుట్టాన్ని అది అసలే అడక్కూడదు కదా!"

అచ్చాయమ్మ నెత్తి కొట్టుకుంది. ఏం మనుషులమ్మా వీళ్ళు! ఇల్లు దోచుకుపోయినా మర్యాద మాత్రం తప్పరు!

"అత్తమ్మగారూ, నాకు కాస్త నీడ చాలండీ," అన్నాడు బుల్లెబ్బాయి తేనె పూసినట్టు. "అన్నం కూడా అక్కర్లేదు."

అన్నం అక్కర్లేని చుట్టం మరీ ప్రమాదం అనుకుంది అచ్చాయమ్మ. తిన్నగా కావలివాళ్ళ దగ్గరికి వెళ్ళింది. తెల్ల తలపాగాలు చుట్టుకుని ఒళ్ళంతా తిరిగేవాళ్ళు వాళ్ళు. వాళ్ళకి పెద్ద పోలయ్య.

"వాడు అరిచాడా?" అన్నాడు పోలయ్య.

"లేదు."

"ఏదైనా విరగ్గొట్టాడా?"

"ఇంకా లేదు."

"ఇంటివాళ్ళే చుట్టమంటున్నారా?"

"అంటున్నారు, వాళ్ళ బుద్ధి మండా!"

"మరింకేమిటమ్మా మీ గొడవ? ఇలాంటివాళ్ళు నిత్యం వస్తూనే ఉంటారు. చాలామందిని మేమే చూసి తరిమేస్తాం. వీడూ పోతాడులెండి."

నిజమే, చాలామంది పోతారు. వీడు పోలేదు.

బుల్లెబ్బాయికి ఇల్లూ లేదు, పొయ్యీ లేదు. ఇలాంటివాళ్ళని డాక్టర్లు వైరస్ అంటారు. మూటలో ఒక పొట్టి దండ ఉంది, అంతే. దానికి జోడు గుచ్చి పెట్టేవాళ్ళు కావాలి. వాడి ప్రాణమంతా అందులోనే ఉంది. ఒకరోజు మాణిక్యం వేరు కాపురానికని తన దండ మెలిక విప్పి పెట్టుకుంది. బుల్లెబ్బాయి అటూ ఇటూ చూసి, తన పొట్టి దండని అందులో దూర్చబోయాడు. దూర్చడం చేతకాలేదు. పుటుక్కున దండ తెగింది. పూసలు చెదిరాయి. కంగారులో తన దండ కూడా తెంపి, ఆ కొసనీ ఈ కొసనీ కలిపి అడ్డదిడ్డంగా ముడేశాడు. "ఇక చాలు" అని చెప్పే పూసలు కొన్ని ఆ గొడవలో ఎక్కడో రాలిపోయాయి. ముడి దగ్గర దారం ఉంగరంలా చుట్టుకుపోయింది.

మాణిక్యం వచ్చి గుచ్చడం మొదలెట్టింది. చుట్టం పూసలు వచ్చాయి. గుచ్చింది. అమ్మ పూసలు వచ్చాయి. గుచ్చింది. మళ్ళీ చుట్టం పూసలే వచ్చాయి.

"ఇదేమిటి, ఇందాకటి చోటికే వచ్చానే!" అనుకుంది. అనుకుని ఊరుకుందా? దండలో ఉన్నాయి కాబట్టి అవీ గుచ్చింది! ఆ ఉంగరం చుట్టూ తిరిగిందే తిరిగింది, గుచ్చిందే గుచ్చింది. మూరెడు దండ కాస్తా బారెడయింది.

అచ్చాయమ్మ వచ్చి దండ తడిమింది. ముడి చేతికి తగిలింది.

"ఆగు! ఆగవే! ఇది మీ అమ్మ దండేనా?"

"నట్టింట ఉన్నదేగా, పిన్నీ!"

"కళ్ళు పెట్టుకుని చూడు! ఈ పూసలెవరివి? ఈ ముడెవడేశాడు? ఇది బాగుపడేది కాదు తల్లీ. దీపం కొండెక్కించుకో. నీ కోసం నేనే కూర్చుని ఏడుస్తాను. వాడంతా పాడైపోకముందే చెయ్యి."

"చూశావా అక్కయ్యా!" అన్నాడు బుల్లెబ్బాయి. "పచ్చగా ఉన్న ఇంట్లో దీపం ఆర్పుకోమంటోంది. అసలు ఈవిణ్ణి గుమ్మం ఎక్కనిస్తావెందుకు?"

మాణిక్యం ముఖం అటు తిప్పుకుంది. "నువ్విక రాకు, పిన్నీ," అంది.

తలుపు పడింది. వేరు కాపురం పెట్టిన కూతుళ్ళ ఇళ్ళలోనూ పడింది. చాలనే పూస లేని ఇళ్ళు మరి! ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. వాడలో దారి లేదు, గాలి లేదు. గడ్డ లేచింది. అచ్చాయమ్మ తలుపు తలుపుకీ వెళ్ళి అరిచింది. అరిచి అరిచి ఆవిడ గొంతే పోయింది.

ఒక పొద్దున వర్ధనమ్మగారి హారతి పాట సగంలో తెగిపోయింది. వాడ ఊగలేదు.

అప్పుడు భయపడ్డాడు బుల్లెబ్బాయి. "అక్కయ్యా, నా దండ నాకు విప్పి ఇచ్చెయ్యి. ఇంకో ఇంటికి పోతాను."

"అయ్యో తమ్ముడూ," అంది మాణిక్యం, "అమ్మ దండలో ఉన్న పూస విప్పకూడదు కదా! ఆచారం!"

గుమ్మం బయట కూర్చున్న అచ్చాయమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాలికి ఏదో తగిలింది. బుల్లెబ్బాయి విడిచిన చొక్కా! ఇంట్లోకి వెళ్ళినవాడు చొక్కా విప్పేస్తాడు సరే, వచ్చేవాడు మాత్రం ఈ చొక్కాతోనే కదా రావాలి! దాన్ని దులిపి చంకన పెట్టుకుని పోలయ్య దగ్గరికి వెళ్ళింది.

"ఇదిగో, చూడు. తడుము. ఒక్కొక్క గుండీ గుర్తుపెట్టుకో. ఈ చొక్కా తొడుక్కుని ఎవడొచ్చినా, నవ్వినా, అత్తమ్మగారూ అన్నా, గుమ్మం తొక్కనివ్వకు."

పోలయ్య తడిమి చూశాడు. సిగ్గుతో తల దించుకున్నాడు. "మరి లోపల ఉన్నవాడి సంగతి?"

"వాడికిక చొక్కా లేదు. బయటికీ రాలేడు. ఆ ఇళ్ళు నీ వల్లా కాదు, నా వల్లా కాదు. దేవుడు ఏ చేతిని పంపిస్తాడో చూడాలి."

డాక్టరుగారి చేతిని పంపించాడు. ఆయన ఆ గడ్డని తీసేసి, పెద్ద అద్దం కింద పెట్టి చూసి, "ఇవెవరి పూసలు?" అని ఆశ్చర్యపోయాడు. వర్ధనమ్మగారు మళ్ళీ పాడింది. కాస్త బొంగురుగానే పాడింది. అచ్చాయమ్మకి అదే చాలు. ఇదివరకు మాణిక్యం గుమ్మం ఉన్నచోట ఆవిడ కూర్చుని, ఇచ్చిన మాట ప్రకారం ఏడ్చింది.

అప్పటినుంచే అలాంటి గడ్డల్ని విప్పి చూస్తే అమ్మ పూసల మధ్య చుట్టం పూసలు కనపడతాయి. తెగిన దగ్గర ముడి, ముడి చుట్టూ గుచ్చిందే గుచ్చిన పేటలు, అన్నీ ఉంటాయి. అప్పటినుంచే పిల్లలకి, ఆ చుట్టం గుమ్మంలోకి రాకముందే, సూదిమొనతో వాడి ఉత్త చొక్కా ఒంట్లోకి పంపిస్తారు. ఆ పూట జబ్బ కాస్త సలుపుతుంది. ఏడవకండి. అక్కడ పోలయ్య గుండీలు తడుముతుంటాడు, పక్కనే అచ్చాయమ్మ నిలబడి, "సరిగ్గా చూడవయ్యా, సరిగ్గా చూడు!" అని పోరుతుంటుంది.