గవరమ్మ మింగేసిన మాట

అనగనగా ఓ ఊళ్ళో ఓ రాజుగారి తోట. ఊ కొట్టండర్రా, కొట్టకపోతే కథ ఆగిపోతుంది. ఏటా వానలు తగ్గాక ఆ తోటలో సీతాకోకచిలుకలు గుంపులు గుంపులుగా ఎగిరేవి. ఎంతెంతవనుకున్నారు? నా రెండు అరచేతులూ కలిపితే అంత! ముందు రెక్కలు కాటుక నలుపు, వెనక రెక్కలు పసుపు ఆరబోసినట్టు బంగారు రంగు.

రాజుగారు మురిసిపోయి, ఒక్కటి తగ్గినా చెయ్యి నరికిస్తానని చెప్పి, వాటి కాపలా తోటపెద్ద జోగినాయుడికి అప్పజెప్పాడు. జోగినాయుడు మంచివాడే పాపం, కానీ అన్నీ తనకే తెలుసనుకునే రకం. ఆయనగారి కొత్తకోడలే మన గవరమ్మ.

గవరమ్మ రోజూ గడ్డి కోయడానికి వెళ్ళి తోట కంచె మీది ఈశ్వరి తీగ చూసేది. దాని నిండా ముళ్ళముళ్ళ పురుగులు. ఛీ అనకండి! పురుగు ఆకు తింటుంది, ఆకు తిని గూడు కడుతుంది, గూడు చీల్చుకుని రెక్కలు విప్పుతుంది. ఇదంతా ఆ పిల్ల కళ్ళారా చూసింది. అవి ఆ తీగ తప్ప మరో ఆకు ముట్టవనీ తెలుసుకుంది.

ఓరోజు జోగినాయుడు వసారాలో కూర్చుని, ఆ పురుగుల తీగంతా పీకి తగలబెట్టండి, లేకపోతే మన సీతాకోకచిలుకలకి హాని అని పనివాళ్ళకి పురమాయించాడు. తలుపు చాటు నుంచి గవరమ్మ అంతా వింది. కానీ ఆ ఇంట్లో కోడలు మామగారి ఎదుట నోరెత్తకూడదు. చెబుదామని గడప దాకా వచ్చింది, వెనక్కెళ్ళింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెనక్కెళ్ళింది. మూడోసారి వచ్చేసరికి వసారా ఖాళీ, కంచె దగ్గర పొగ.

పైడితల్లీ, నిద్రపోయావా? ఇక్కడే వినాలి.

మరుసటేడు రాజుగారొచ్చి చూస్తే తోటలో ఒక్కటీ లేదు. జోగినాయుడి చెయ్యి పీట మీద పెట్టించాడు. అప్పుడు పరిగెత్తుకొచ్చింది గవరమ్మ, నోరు తెరిచింది.

“మావా, పురుగులే అవి! అవే రెక్కలొచ్చి ఎగిరేవి. తెలిసీ నేను చెప్పలేదు. నరికితే నా చెయ్యి నరకమనండి!”

తప్పు ఒప్పుకున్న ఆ ధైర్యానికి మెచ్చి రాజుగారు కత్తి దింపించాడు. ఇద్దర్నీ వదిలేశాడు. గవరమ్మ రెండు కొండలు దాటి ఈశ్వరి వేరు తెచ్చి కంచె పొడుగునా నాటింది. మామగారే కడవలతో నీళ్ళు మోశాడు. మూడో ఏడు ఎక్కణ్ణుంచో ఒక్క సీతాకోకచిలుక వచ్చి తీగ మీద గుడ్లు పెట్టింది. ఊరంతా పండగ చేసుకుంది.

గవరమ్మా నవ్వింది. కానీ మునపటి గుంపులు ఆవిడ బతికుండగా మళ్ళీ రాలేదర్రా. ముసలిదైపోయాక కూడా ఆ గడప దగ్గర ఆగిపోయేది, ఆనాడే ఒక్క అడుగు బయటికి వేసుంటేనా అని.

ఎదుట ఎవరున్నా సరే, తెలిసిన మాట మింగెయ్యకండి, నాయనా. కథ కంచికి వెళ్ళిపోయింది, ఇక మనం దుప్పట్లోకి.