తిరపతమ్మ మింగిన కూత

అనగనగా ఒక కొండ. కొండవాలున దట్టమైన అడవి. ఆ అడవిలో ఒక కొండముచ్చుల గుంపు. గుంపన్నాక కాపలా ఉండాలి కదా! ఆ కాపలా తిరపతమ్మది.

తెల్లారగానే తిరపతమ్మ అన్నిటికంటే ఎత్తయిన మద్దిచెట్టు చిటారుకొమ్మకు ఎక్కి కూర్చునేది. ఆమెకు మూడు కూతలు వచ్చు. చిరుతపులి వస్తే ఒకటి, గద్ద వస్తే ఒకటి, కొండచిలువ వస్తే ఒకటి. ఆ కూత వినబడితే చాలు, కొండముచ్చులే కాదు, కింద మేసే జింకలు కూడా వెనక్కి చూడకుండా పరుగెత్తేవి.

"తిరపతమ్మ కంటిని చీమ కూడా తప్పించుకోలేదు" అని అడవంతా చెప్పుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా తిరపతమ్మ తోక ఇంకాస్త పైకి లేచేది.

ఆమె అన్న భద్రయ్య. గుంపులో పిల్లలందరికీ ఆయన తాత. తల్లులు మేతకు వెళుతూ పిల్లల్ని ఆయన దగ్గర వదిలేవారు. ఆయన వాళ్ళకు కొమ్మ మీంచి కొమ్మకు దూకడం నేర్పేవాడు. నెమ్మదిగా మాట్లాడేవాడు. పండిన తునికిపండు దొరికితే తను తినకుండా పిల్లల నోట్లో పెట్టేవాడు. "ఇలాంటి తాత ఏ గుంపులో ఉంటాడమ్మా!" అని తల్లులు మురిసిపోయేవారు.

ఆ పిల్లల్లో పైడి ఒకతె. దూకమంటే ఎగిరేది, ఎగరమంటే జింక వీపు మీద సవారీ చేసేది. అలాంటి పిల్ల ఉన్నట్టుండి దూకడం మానేసింది. తల్లి మేతకు బయలుదేరితే కాళ్ళకు చుట్టుకుని ఏడ్చేది. ఒక మూల కూర్చుని తన తోక వెంట్రుకలు తనే పీక్కునేది.

"దిష్టి తగిలింది" అంది తల్లి ఎర్రమ్మ.

దిష్టి కాదు పిల్లలూ. భద్రయ్య ఆ పిల్లని పెద్దబండ చాటుకు తీసుకెళ్ళేవాడు. పెద్దవాళ్ళు పిల్లల ఒంటితో చేయకూడని పని చేసేవాడు. "ఎవరికైనా చెప్పావంటే మీ అమ్మని గుంపులోంచి వెళ్ళగొట్టిస్తాను" అనేవాడు. అదే నెమ్మదైన గొంతుతో.

ఆ బండ చాటు ఇంకెవరికీ కనబడదు. మద్దిచెట్టు మీద కూర్చున్నవాళ్ళకు మాత్రం కనబడుతుంది. తిరపతమ్మకు కనబడింది. కూత గొంతుదాకా వచ్చింది.

'ఏమని కూయను? చిరుత కాదే, గద్ద కాదే. తోడబుట్టినవాడు. రేపు నలుగురిలో తల ఎలా ఎత్తుకోను?' అనుకుంది.

కూత మింగేసింది. తల తిప్పుకుని కొండ అవతలికి చూస్తూ కూర్చుంది. అక్కడ ఏ చిరుతా లేదు.

పైడి మాత్రం ఊరుకోలేదు. ముందు తల్లికి చెప్పింది. ఎర్రమ్మ ఆ పిల్ల నోటి మీద ఒక్కటిచ్చింది. "తాతను అంత మాటంటావా! ఎవరైనా వింటే మన మొహాన ఉమ్మేస్తారు."

తర్వాత గుంపు పెద్ద పోతురాజుకు చెప్పింది. పోతురాజు గడ్డం గోక్కున్నాడు. "అసలు నువ్వు ఆ బండ వైపు ఎందుకెళ్ళావు?" అని అడిగాడు. భద్రయ్యను మాత్రం ఏమీ అడగలేదు.

చివరికి పైడి మద్దిచెట్టు ఎక్కింది. ఎక్కీ ఎక్కీ చిటారుకొమ్మకు చేరింది.

"పెద్దమ్మా, ఇక్కణ్ణించి ఆ బండ కనబడుతుంది కదూ?"

"కనబడుతుంది."

"అయితే నువ్వు చూశావు. నా మాట ఎవరూ నమ్మట్లేదు. నీ మాటయితే జింకలు కూడా నమ్ముతాయి. ఒక్కసారి చెప్పవూ?"

తిరపతమ్మ ఆకులు దులిపింది. తోక సర్దుకుంది. "ఎండ కళ్ళలో పడిందే తల్లీ! నాకేమీ కనబడలేదు" అంది.

పైడి ఆమె వంక చూసింది. ఎండ తిరపతమ్మ వీపు మీద పడుతోంది.

పైడి చెట్టు దిగింది. గుంపును వదిలి వాగు ఒడ్డున రాళ్ళలోకి వెళ్ళిపోయింది. అక్కడ ఒక తీతువు పిట్ట ఉండేది. అది అరిస్తే అశుభమని అడవిలో ఎవరూ దాని పక్కకు పోరు.

పైడి దానికి అంతా చెప్పింది. తీతువు మధ్యలో మాట్లాడలేదు. ఎందుకెళ్ళావని అడగలేదు. అంతా విని, "నేను నమ్ముతున్నాను. తప్పు నీది కాదు. ఇక్కడ నీళ్ళున్నాయి, నేనున్నాను. ఉండు" అంది.

"నువ్వు అరిస్తే చెడు జరుగుతుందంటారుగా?" అంది పైడి.

"చెడు జరుగుతుంటే అరుస్తానే పిల్లా! వాళ్ళకు ఆ చెడు మీద కోపం రాదు. నా అరుపు మీదే వస్తుంది" అంది తీతువు.

చాలా రోజుల తర్వాత పైడి మొదటిసారి నవ్వింది.

"చూశారా, అశుభపు పిట్టతో చేరింది! దాని బుద్ధి మొదట్నించీ అంతే" అనుకుంది గుంపు. తిరపతమ్మ కూడా అవునన్నట్టు తలూపింది. తల ఊపడానికి గొంతు అక్కర్లేదు కదా.

ఏళ్ళు గడిచాయి. తిరపతమ్మకు మనవరాలు పుట్టింది. బుజ్జెమ్మ అని పేరు పెట్టుకున్నారు. దూకే వయసు వచ్చింది.

"అమ్మా, బుజ్జెమ్మను మామయ్య దగ్గర వదిలి మేతకు వెళుతున్నా" అంది కూతురు.

వద్దందామనుకుంది తిరపతమ్మ. వద్దంటే కూతురు ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. నోరు మూసుకుని చెట్టెక్కింది. ఆ రోజు ఆమె కొండ అవతలికి చూడలేదు. పెద్దబండ వైపే చూసింది.

భద్రయ్య వచ్చాడు. బుజ్జెమ్మ చేతిలో తునికిపండు పెట్టాడు. రెండో చెయ్యి పట్టుకుని బండ చాటుకు నడిపించాడు.

తిరపతమ్మ గొంతు చించుకుని కూసింది. ఏ కూత కూయాలో తోచక చిరుత కూత కూసింది.

అడవంతా అదిరింది. జింకలు పరుగెత్తాయి. కొండముచ్చులు చెట్లెక్కాయి. భద్రయ్య పిల్ల చెయ్యి వదిలేసి అందరికంటే ముందు ఎక్కాడు. బండ చాటున ఒక్కతే మిగిలిన బుజ్జెమ్మ ఏడుపు అందరికీ వినబడింది. చిరుత ఉందని భయం! ఎవరూ దిగలేదు.

అప్పుడు వాగు వైపు నుంచి ఒక ఆడ కొండముచ్చు బండ వైపు పరుగెత్తుకొచ్చింది. పైడి. చిరుత కూత ఆమె కూడా విన్నది. నమ్మింది. నమ్మే వచ్చింది. బుజ్జెమ్మను పొట్టకు కరుచుకుని మద్దిచెట్టు కిందికి తెచ్చింది.

"ఏదీ చిరుత?" అని అరిచాడు పోతురాజు.

భద్రయ్య నెమ్మదిగా నవ్వాడు. "చెల్లెలు ముసలిదైపోయింది. ఎండ కళ్ళలో పడి ఉంటుంది. కదమ్మా?"

గుంపంతా నవ్వింది. తిరపతమ్మ అవునంటే అయిపోయేది.

పైడి తలెత్తి చూసింది. "ఆ రోజూ ఎండే పడింది కదా పెద్దమ్మా! ఈ రోజు ఎలా కనబడింది?"

కొండముచ్చు మొహం ఎలాగూ నలుపే. అయినా తిరపతమ్మ మొహం ఆ రోజు దాచుకోవలసినంత నల్లబడింది. ఆమె దాచుకోలేదు. కొమ్మ కొమ్మా దిగి పైడి ముందు నేల మీద నిలబడింది.

"చిరుత రాలేదు. బుజ్జెమ్మను బండ చాటుకు తీసుకెళ్ళింది మా అన్న. ఇప్పుడు చూశాను. అప్పుడు పైడిని తీసుకెళ్ళినప్పుడూ చూశాను. ఎండ నా వీపు మీద ఉంది. నేను అబద్ధమాడాను."

 చంటిబిడ్డను ఎత్తుకున్న ఒక తల్లి అంది, "నన్నూ తీసుకెళ్ళాడు. మా అమ్మకు చెప్పలేదు. చెప్పిన పైడిని మీరేం చేశారో చూశాగా." ఇంకో కొమ్మ మీంచి ఇంకో గొంతు, "నన్నూ." ఎర్రమ్మ, కూతురి నోటి మీద కొట్టిన చెయ్యిని చూసుకుంటూ కూలబడిపోయింది.

"పాతవన్నీ తవ్వుకోవడం ఎందుకు? గుంపు పరువు..." అన్నాడు పోతురాజు.

"ఆ పరువేదో నువ్వే మోసుకో!" అని తల్లులంతా ఒక్కసారి లేచారు. పోతురాజుకు గడ్డం గోక్కోవడానికి చెయ్యి లేవలేదు. తల్లులు భద్రయ్యను కొండ దాటేదాకా తరిమారు. తీతువు అతని తలపై ఎగురుతూ అరుస్తూనే వెళ్ళింది. అతను ఏ గుంపు దగ్గరికి పోయినా అక్కడి తల్లులు ఆ అరుపు విని ముందే పిల్లల్ని దగ్గరికి తీసుకున్నారు.

తిరపతమ్మ పైడి చెయ్యి పట్టుకోబోయింది. "తప్పు చేశాను తల్లీ. ఇంటికి రా."

పైడి బుజ్జెమ్మను ఆమె చేతికి ఇచ్చింది. "ఈ పిల్ల నీ మనవరాలు కాకపోతే కూసేదానివా పెద్దమ్మా?" అని అడిగింది.

తిరపతమ్మ బుజ్జెమ్మను పొట్టకు కరుచుకుంది.  పైడి వాగు వైపు వెళ్ళిపోయింది.

ఇప్పటికీ తిరపతమ్మ మద్దిచెట్టు మీదే ఉంటుంది. ఇప్పుడు ఆమెకు నాలుగు కూతలు వచ్చు. నాలుగోది గుంపులోని వాళ్ళే హాని చేస్తే కూసేది. తీతువు దగ్గర నేర్చుకుంది. గుంపులో పిల్లలకు అన్నిటికంటే ముందు అదే నేర్పుతుంది. ఎవరైనా తన చూపును మెచ్చుకుంటే తోక దించుకుంటుంది. పైడి అడిగిన ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు దొరకలేదు.

నీతి: పిల్ల చెప్పినప్పుడు నమ్మని పెద్దలు, చూసి కూడా చూడలేదన్న పెద్దలు కాపలా కాసింది పిల్లకు కాదు, పాపం చేసినవాడికి. సిగ్గుపడాల్సింది వాళ్ళే.