దాలినాయుడు లేచి నిలబడ్డ పాట

ఈ పూటకి చిన్న కథే బంగారూ. నువ్వు దుప్పటి సర్దుకునేలోగా అయిపోతుంది.

అనగనగా ఒకే కాలువ మీద రెండు ఊళ్ళు. పైన ఎగువపేట, కింద దిగువపేట. ఎగువపేట వాళ్ళకి తాము కాచిందే చారని గొప్ప. అది చారో, గిన్నె కడిగిన నీళ్ళో తిన్నవాళ్ళకి తెలియాలి. దిగువపేట వాళ్ళు ఇంకో రకం. పెళ్ళికి పిలిస్తే ముందురోజే దిగిపోయి, పెళ్ళికూతురు అత్తారింటికి వెళ్ళాక కూడా కదలరు. ఒకావిడైతే, పేరెందుకులే, వెళ్తూ వెళ్తూ గరిటె కూడా పట్టుకెళ్ళింది. గరిటె మాట అలా ఉంచు. కథ చిలకమ్మది.

చిలకమ్మ పుట్టిల్లు ఎగువపేట, అత్తిల్లు దిగువపేట. జముకు మీటుతూ పాటలు పాడేది. జముకంటే చంకలో ఇమిడే బుల్లి డోలు. దాని కడుపులోంచి ఒక తంతి వస్తుంది, మీటితే తుమ్మెదలా జుమ్మంటుంది. ఆవిడ ఒక మాట పాడితే చుట్టూ ఉన్నవాళ్ళు వెనకాల అదే మాట పాడాలి. దాన్ని వంత అంటారు.

ఆ పాటలో ఏముందో గానీ, ఒకసారి రోకలి కోసం జుట్లు పట్టుకున్న తోడికోడళ్ళ అరుగు మీద కూర్చుని పాడింది. పాట అయ్యేసరికి ఇద్దరూ ఒకే రోట్లో దంచుతున్నారు. అత్తగారు నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. పాపం, ఆవిడకున్న కాలక్షేపం ఆ జగడమొక్కటే. ఆ తర్వాత, ఏరంటే వణికిపోయే ఒక కొత్త అల్లుడికి పాడింది. అతను మామగారి గేదె తోక వదిలేసి, తానే ఈది అవతలికి చేరాడు. గేదె కూడా తెల్లబోయింది.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. కాలువ సన్నబడింది. అప్పుడు ఎగువపేట పెద్ద దాలినాయుడు, "కిందికి వదిలితే మనకి మిగలవు" అని రెండు ఊళ్ళ మధ్య తూముకి పలక దించేశాడు. ఆ పలక అరిగిపోయింది. పైన బరువు లేకపోతే నీళ్ళే దాన్ని ఎత్తేస్తాయి. రాయి పెడితే కిందివాళ్ళు తీసేస్తారు. అందుకని నాయుడు కాళ్ళు గట్టున ఆనించి, పలక మీద తానే ఎక్కి కూర్చున్నాడు. ఆయన్ని తియ్యడం ఎవరి తరమూ కాదు. ఆయన బండెక్కితే ఎద్దులు ఒకదాని మొహం ఒకటి చూసుకునేవి.

దిగువపేటలో నారు పసుపెక్కింది. ఇంకో పూట ఆగితే ఎండిపోతుంది. అప్పుడు మగవాళ్ళు కర్రలు తీశారు. కిందినుంచి చిలకమ్మ మొగుడు గవరయ్య ఒక కర్రతో వచ్చాడు. పైనుంచి ఆవిడ తమ్ముడు పోలయ్య ఇంకో కర్రతో దిగాడు. ఇద్దరి మధ్యలోకీ చిలకమ్మ వచ్చి నిలబడింది.

"తప్పుకో అప్పా. ముందు బావ బుర్ర పగలగొట్టి, ఆ తర్వాత మాట్లాడతాను" అన్నాడు పోలయ్య.

"పగలగొట్టు. రేపట్నించి మీ బావకి గంజి నువ్వే తాగించాలి మరి" అంది చిలకమ్మ.

అందే గానీ, ఏ కర్ర పడినా ఆవిడ ఇంటిమీదే పడుతుంది. ఏం చెయ్యాలో తోచక జముకు మీటి, రెండు ఊళ్ళూ మొక్కే గట్టుతల్లి పాట ఎత్తుకుంది.

గట్టుతల్లి పాటకి ఒక కట్టుబాటు ఉంది. ఎత్తుకున్నాక వంత మధ్యలో ఆపకూడదు. తల్లి పేరు వచ్చినప్పుడల్లా కూర్చున్నవాళ్ళు లేచి నిలబడాలి. రెండు ఊళ్ళకీ కలిసింది ఆ ఒక్క విషయంలోనే. కర్రలు దించి అందరూ వంత అందుకున్నారు.

తల్లి పేరు మొదటిసారి వచ్చింది. నాయుడు లేచాడు. కింద పలక బుడుంగుమంది, దోసెడు నీళ్ళు జారాయి. నాయుడు గబుక్కున కూర్చున్నాడు. చిలకమ్మ అది చూసింది.

రెండోసారి పేరు కాస్త సాగదీసింది. కాలువ అడుగున ఇసుక తడిసింది.

"తొందరగా కానియ్యి చిలకమ్మా, మోకాళ్ళ నొప్పులు" అన్నాడు నాయుడు.

"తల్లి పేరు తొందరగా ముగించమంటావా నాయుడుబాబూ?"

నాయుడు చెంపలేసుకున్నాడు.

మూడోసారి పేరు ఎత్తుకుని, ఇక వదల్లేదు. ఆవిడ ఊపిరి తీసుకుంటే జనం అందుకున్నారు, జనం అలిసిపోతే ఆవిడ అందుకుంది. పాడుతూ పాడుతూ గవరయ్య మొహంలో కోపం దిగిపోయింది. పోలయ్య కర్ర ఎక్కడ పడేశాడో అతనికే తెలీదు. అప్పుడు నాయుడు కళ్ళు మూసుకుని గొంతు విప్పాడు. బంగారూ, ఆ బండశరీరంలోంచి తేనెలాంటి గొంతు వచ్చింది. రెండు ఊళ్ళూ కొయ్యబారిపోయాయి. ఆయన పెళ్ళాం అయితే, ఇది మా ఆయనేనా అని పక్కావిడని అడిగింది. ఇన్నేళ్ళూ ఆవిడ విన్నది గురకే.

అందరూ నాయుణ్ణి చూస్తుంటే పలకని ఎవరు చూస్తారు? అది తేలి కిందికి పోయింది.

పాట అయ్యాక నాయుడు కూర్చోబోయి నీళ్ళలో పడ్డాడు. ఇక కర్రలు లేస్తాయని చిలకమ్మ కళ్ళు మూసుకుంది. ఎవరూ కదల్లేదు. పోలయ్య వెళ్ళి ఎగువ మడిలో వేలు పెట్టి చూశాడు. నీళ్ళు తగ్గలేదు. మర్నాడు పెట్టాడు, తగ్గలేదు. ఆ మర్నాడూ తగ్గలేదు. ఇన్నాళ్ళూ దేనికి కొట్టుకున్నామో తెలీక రెండు ఊళ్ళ పెద్దలూ కొన్నాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడలేకపోయారు.

ఆ పలక, గరిటె పట్టుకెళ్ళినావిడకి దొరికింది. పీట చేసుకుంది.

దాలినాయుడు పెద్దరికం మానేసి, చిలకమ్మ వెనక వంతకి చేరాడు. ఇద్దరూ ఊరూరా పాడారు. ఆయన ఎక్కడా కూర్చోలేదు.

కథేమో కంచి దారి పట్టింది,
ఇల్లేమో మనని రా రమ్మంది,
నీరేమో మడినిండా పారింది,
నిద్దరేమో నీ కంట చేరింది.