సింగారమ్మ సెల్లుకు గడప

అనగనగనగా, సెల్లులు వచ్చాక కూడా రాజుగారు మిగిలిపోయిన ఊరొకటి ఉందర్రా. ఆ ఊళ్ళో రాజుకీ సెల్లే, రాజుగారి గుర్రాలకు గడ్డి కోసేవాడికీ సెల్లే.

అక్కడ సింగారమ్మ అని ఒక కోడలుపిల్ల రాణిగారికి జడలు వేసేది. ఆ పిల్లకి నెల తప్పింది. ఇదివరకోసారి కడుపు నిలవలేదు పాపం, అందుకని మూడో నెల వెళ్ళేదాకా అత్తకి కూడా చెప్పకూడదని, కన్నతల్లికి ఒక్కదానికే సెల్లులో రాసింది. ఊ కొట్టండర్రా, నిద్దరోతే నేను చెప్పను.

సరే, రాణిగారి ముక్కుపుడక పోయింది. ఇంకేముంది, జడలేసేది కదా అని తలారి గవరయ్య సింగారమ్మని పట్టుకున్నాడు. పట్టుకుంటే పట్టుకున్నాడు, సెల్లు లాక్కుని, ఆ పిల్ల వేలే పెట్టించి తెరిచాడు. రాజుగారి ఆజ్ఞ లేదు, ముద్ర లేదు. ఇందులో 'ఎవరికీ చెప్పకమ్మా' అని ఉంది, మిగతాది సభలోనే చదువుతానన్నాడు. నా బిడ్డ కబురు నలుగురి నోళ్ళలో పడితే దిష్టి తగలదూ అని సింగారమ్మ కడుపు మీద చెయ్యేసుకుంది.

సభలో ఆ పిల్ల, మహారాజా, మా ఇంట్లోకి రావాలంటే తలారికి మీ ముద్ర కావాలా వద్దా అని అడిగింది. కావాలన్నాడు రాజు. మరి నా సెల్లుకో అంది. గవరయ్య అందుకుని, ఇదేమన్నా ఇల్లా, చేతిలో వస్తువు, వక్కాకు సంచి లాంటిది, దులిపి చూస్తే తప్పేమిటన్నాడు. వక్కాకు సంచిలో వక్కా ఆకే ఉంటాయయ్యా, ఇందులో మా అమ్మ మాటుంది, నా ఏడుపుంది, నా ఇంట్లో పట్టనంత ఉంది అంది సింగారమ్మ.

అంతలో రాజుగారి సెల్లు గుర్రుమంది. పక్కనే ఉన్న గవరయ్య ఎవరో చూద్దామని మెడ చాచాడు. రాజుగారు చటుక్కున సెల్లు బోర్లా తిప్పేశారు. మీరేం దొంగతనం చెయ్యలేదు కదా మహారాజా, మరెందుకు తిప్పారూ అంది సింగారమ్మ, మెల్లిగా. రాజుగారి మొహం కందగడ్డయింది. రాణిగారు మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ పూటే చాటింపు వేయించారు. ఇంటికున్నట్టే సెల్లుకీ గడప ఉంది, నా ముద్ర లేనిదే ఎవరూ దాటకూడదు, గోడ దూకి తెచ్చిన సాక్ష్యం నా సభలో చెల్లదు అని. గవరయ్య మిగతాది చదవకుండానే సెల్లు ఇచ్చేశాడు. ముక్కుపుడకంటారా, రాణిగారి దిండు గలీబులోనే దొరికింది.

మూడో నెల వెళ్ళాక సింగారమ్మ అత్త పక్కన కూర్చుని తన నోటితోనే చెప్పింది. ఆ ముసలిది కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వి, కోడలికి నెయ్యన్నం కలిపి ముద్దలు పెట్టింది. పండంటి పిల్ల పుట్టింది. ఎవరి కబురు వాళ్ళ నోటితో వింటేనే తీపి, అమ్మలూ.

కథేమో కంచి బండెక్కింది, మీరిక దుప్పట్లోకి పదండి. బుజ్జులూ, నువ్వాగు. మీ అక్క సెల్లు నీ దిండు కిందుంది, నాకు కనబళ్ళేదనుకోకు. లేచి ఇచ్చిరా నా తల్లీ, ఏం చూశావో నేనడగన్లే.